ఉబ్బసానికి వేసవి సెలవులు లేవు

పాఠకుల ప్రశ్నలు, శ్వాసకోశ వైద్యుని జవాబులు

ఈ శీర్షికకు గత నెలలో వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆయాసం గురించినవే. వాటిలో ఒక వాక్యం కొద్దిపాటి తేడాలతో మళ్ళీ మళ్ళీ కనిపించింది: "చలి పోయింది కదా అని పీల్చే మందు ఆపేశాను." ఆ వాక్యాన్ని చూసే ఈసారి మొత్తం చోటును ఈ ఒక్క విషయానికే కేటాయించాం. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, ఉత్తరాలను కుదించి ప్రచురిస్తున్నాం.

ప్రశ్న: నా వయసు 67 ఏళ్ళు. విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. ముప్ఫై ఏళ్ళు బీడీలు కాల్చి, పదేళ్ళ క్రితం మానేశాను. సీఓపీడీ (గాలిగొట్టాలు సన్నబడిపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) అని చెప్పి రోజూ రెండు పూటలా పీల్చే మందు రాశారు. చలికాలమంతా వాడి, ఉగాది దాటాక ఆపేయడం నాకు అలవాటు. ఈసారి ఏప్రిల్ మూడో వారం నుంచి స్నానాల గది దాకా నడిచినా ఆయాసం వస్తోంది. కఫం లేదు, జ్వరం లేదు. ఎండకు ఆయాసం రావడమేమిటి?
(కొత్తగూడెం)

జవాబు: ఎండకు ఆయాసం రావడంలో వింత లేదు. మన ఇళ్ళలో ఉబ్బసం అనగానే దుప్పటి, కుంపటి, మిరియాల కషాయం గుర్తుకు వస్తాయి కాబట్టి అది వింతగా అనిపిస్తుంది. ఊపిరితిత్తిలోని 'తిత్తి' కొలిమి దగ్గర వినిపించే మాటే. కొలిమితిత్తిలోని గాలి పూర్తిగా బయటికి పోకముందే మళ్ళీ లాగితే, పాత గాలి లోపలే మిగిలి, లాగిన ప్రతిసారీ తిత్తి మరికొంత ఉబ్బుతుందే తప్ప కొత్త గాలికి చోటు దొరకదు. సీఓపీడీలో గాలిగొట్టాలు సన్నబడి ఉంటాయి కనుక లోపలి గాలి బయటికి రావడానికి మామూలు కంటే ఎక్కువ సమయం పడుతుంది. ఎండ ముదిరినప్పుడు శరీరం తనను తాను చల్లబరచుకోవడానికి రక్తాన్ని చర్మం వైపు మళ్ళిస్తుంది, గుండె వేగాన్ని పెంచుతుంది, దానితోపాటు శ్వాస వేగమూ పెరుగుతుంది. శ్వాస వేగం పెరిగిందంటే గాలి వదలడానికి దొరికే వ్యవధి తగ్గినట్టే. ఆరోగ్యవంతుడికి ఈ తేడా తెలియను కూడా తెలియదు. మీకు మాత్రం మంచం నుంచి స్నానాల గదికి వెళ్ళే పది అడుగుల్లోనే తెలిసిపోతుంది.

ఇక మందు సంగతి. మీరు ఆపేసినది కఫానికి ఇచ్చిన మందు కాదు. రోజంతా గొట్టాలను తెరిచి ఉంచడానికీ, అవసరమైన వారికి లోపలి వాపును అదుపులో పెట్టడానికీ ఇచ్చిన మందు అది. ఇటువంటి మందును ఆపిన మరునాడే తేడా కనబడకపోవచ్చు, కొందరికి వారాలు గడిచాక గాని తెలియదు. అందువల్లనే ఉగాది దాటాక ఆపిన మందుకూ, ఏప్రిల్ మూడో వారంలో మొదలైన ఆయాసానికీ సంబంధం ఉందన్న ఆలోచన మీకు రాలేదు. మీ వైద్యుడితో మాట్లాడి మందును వెంటనే మళ్ళీ మొదలుపెట్టండి. అయితే అంతటితో ఊరుకోవద్దు. కఫం, జ్వరం లేకుండా ఆయాసం ఒక్కటే పెరిగినప్పుడు, ముఖ్యంగా సాయంత్రానికి పాదాలు వాచినా, వెల్లకిలా పడుకోలేకపోయినా, గుండె సంగతి కూడా చూడాలి. ఒక ఈసీజీ, ఎకో పరీక్ష చేయించుకుంటే అనుమానం తీరుతుంది.

రెండు చిన్న ఉపాయాలు చెబుతాను, రెండింటికీ ఖర్చు లేదు. ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, వేడి కాఫీని ఊదుతున్నట్టు పెదవులు సున్నాలా చుట్టి నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలండి. గాలి వదిలే సమయం పెరిగి, తిత్తి ఖాళీ అవుతుంది. రెండోది తాటాకు విసనకర్ర. ముఖానికి, ముఖ్యంగా ముక్కు, బుగ్గల మీదికి గాలి తగిలితే ఆయాసపు బాధ తగ్గుతుందని పరిశోధనల్లోనూ తేలింది. మా తాతగారు మండువాలో కుర్చీలో ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ళకు ఆనించి కూర్చుని, తడి తుండుగుడ్డ మెడ చుట్టూ వేసుకుని, మనవల చేత విసనకర్రతో ముఖానికి విసిరించుకునేవారు. ఆయన ఏ పుస్తకమూ చదవకుండానే పట్టుకున్న ఆ భంగిమనే ఇప్పుడు నేను రోగులకు బొమ్మ గీసి చూపిస్తున్నాను.

2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా మరణించినట్టు అధికారిక లెక్కలు చెప్పాయి. ఆయాసం ముదిరి ఇంట్లోనే కన్నుమూసిన వృద్ధుణ్ణి వడదెబ్బ మృతుడిగా ఎవరూ రాయరు కాబట్టి, ఆ లెక్కలోకి రానివారు ఇంకెందరో ఉంటారని నా అభిప్రాయం. పదకొండు నుంచి నాలుగింటి దాకా ఇంటిపట్టునే ఉండండి, స్నానం వంటి శ్రమతో కూడిన పనులను పొద్దున్నే ముగించండి.

ప్రశ్న: నాకు 44 ఏళ్ళు, ఇరవై ఏళ్ళుగా ఆస్తమా ఉంది. ఏడాదంతా ఎలాగో నెట్టుకొస్తాను గాని, ఆవకాయ పెట్టే వారం వచ్చిందంటే రాత్రిళ్ళు పిల్లికూతలు మొదలవుతాయి. ఇంట్లోవాళ్ళు "అది ఆవకాయ ఘాటే, జబ్బు కాదు" అంటారు. నిజమేనా? పచ్చడి పెట్టడం మానలేను.
(గృహిణి, గుంటూరు)

జవాబు: ఘాటు నిజమే, జబ్బూ నిజమే. ఈ రెండింటికీ మధ్య ఉన్న చుట్టరికం చాలా ఆసక్తికరమైనది. మిరపకాయలోని కాప్సైసిన్ అనే పదార్థాన్ని గుర్తుపట్టే ఒక గ్రాహకం మన నరాల కొనలమీద ఉంటుంది. దానిని 1997లో గుర్తించిన బృందానికి నాయకత్వం వహించిన డేవిడ్ జూలియస్ 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతిని మరొకరితో కలిసి అందుకున్నారు. విశేషమేమిటంటే, సుమారు 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టేదీ అదే గ్రాహకం. కారం తిన్నా 'మంట' అంటాం, నిప్పు తగిలినా 'మంట' అంటాం. శాస్త్రం ఆలస్యంగా చెప్పిన సంగతి మన మాటలో ముందునుంచే ఉంది. ఈ గ్రాహకాలు గాలిగొట్టాల గోడల్లోనూ ఉంటాయి. అవి రేగినప్పుడు దగ్గు వస్తుంది, ఆస్తమా ఉన్నవారిలో గొట్టాలు ముడుచుకుపోతాయి కూడా. వేడిగా, తేమగా ఉన్న గాలిని కొద్ది నిమిషాలు పీల్చినా ఆస్తమా రోగులలో ఇలాగే జరుగుతుంది. మే నెలలో ఎండ ఒకవైపు, కారప్పొడి ఒకవైపు కలిసి మీ గొట్టాల మీద దాడి చేస్తున్నాయన్నమాట.

ఆవకాయ పనిని ఒకసారి విడదీసి చూడండి. మిరపకాయల తొడిమలు తీయడం, ఎండబెట్టడం, మరలో ఆడించడం, ఆవాలు పొడి కొట్టడం, జల్లించడం, చివరగా ముక్కలు, నూనెతో కలపడం. వీటిలో పొడి గాలిలోకి లేచేవి మధ్యలోని పనులు. నూనె తగిలాక కారం గాలిలోకి లేవదు. కనుక పచ్చడి కలపడం మీరే చేసుకోవచ్చు, మీ చేతి రుచి ఎక్కడికీ పోదు. ఆడించడం, జల్లించడం మాత్రం ఇంట్లో మరొకరికి అప్పగించండి. కారం మర దగ్గర వరసలో నిలబడటం మీకు ఎంతమాత్రం తగదు. తప్పనిసరైతే ముక్కుకు అతుక్కునేలా ఎన్95 మాస్కు పెట్టుకోండి. చీర కొంగు అడ్డం పెట్టుకుంటే సన్నని పొడి ఆగదు. కలిపేటప్పుడు ఫ్యాను కింద కాకుండా, గాలి మీ వెనుకనుంచి బయటికి పోయే వసారాలో కూర్చోండి. మీ ఊళ్ళో మిరప యార్డు ఉంది, టిక్కీలు (మిర్చి బస్తాలు) దించే రోజుల్లో ఆ దారిన వెళ్ళే వారందరికీ తుమ్ములు వస్తాయి. వారికి తుమ్ముతో పోతుంది, మీకు పోదు, అంతే తేడా.

అసలు ప్రశ్న మరొకటి ఉంది, అది మీ ఉత్తరంలో లేదు. ఇరవై ఏళ్ళుగా మీరు వాడుతున్నది ఏ మందు? 'నెట్టుకొస్తాను' అన్న మాటను బట్టి, ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే నీలి రంగు ఇన్‌హేలర్ కొడుతున్నారని ఊహిస్తున్నాను. ఆ మందు గొట్టాలను కొన్ని గంటలు తెరుస్తుందే తప్ప లోపలి వాపును తగ్గించదు. ఆస్తమాకు దానిని ఒక్కదాన్నే వాడటం మంచిది కాదని ప్రపంచ ఆస్తమా మార్గదర్శకాలు 2019 నుంచి స్పష్టంగా చెబుతున్నాయి. వాపును తగ్గించే స్టెరాయిడ్ కలిసిన ఇన్‌హేలర్‌ను క్రమంగా వాడేవారికి ఆవకాయ వారం కూడా మామూలు వారంలా గడిచే అవకాశం ఎక్కువ. స్టెరాయిడ్ అన్న మాటకు బెదరకండి. పీల్చే మందులో మోతాదు మైక్రోగ్రాములలో ఉంటుంది. వాడిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మితే నోటిపూత వచ్చే అవకాశమూ బాగా తగ్గుతుంది.

ప్రశ్న: ఇన్‌హేలర్ నా స్కూటరు డిక్కీలో ఉంటుంది. ఎండకు పాడవుతుందని స్నేహితుడు ఫ్రిజ్‌లో పెట్టమన్నాడు. ఏది సరైనది?
(మార్కెటింగ్ ఉద్యోగి, తిరుపతి)

జవాబు: రెండూ సరైనవి కావు. చాలావాటి మీద 30 డిగ్రీల లోపు ఉంచమనీ, డబ్బాను 50 డిగ్రీలు దాటిన వేడికి గురిచేయవద్దనీ అచ్చువేసి ఉంటుంది. ఎండలో నిలిపిన కారు లోపల, స్కూటరు సీటు కింద ఆ వేడి తేలిగ్గా దాటిపోతుంది. డబ్బా పేలే ప్రమాదం అటుంచి, అంతకంటే ముందే మోతాదు తప్పవచ్చు. ఫ్రిజ్‌లో పెడితే లోపలి వాయువు పీడనం తగ్గి మందు సరిగా చిమ్మదు. చొక్కా జేబులోనో, భుజాన వేసుకునే సంచిలోనో ఉంచండి, పగలంతా బయట తిరిగేవారు చిన్న ఉన్నిగుడ్డ సంచిలో చుట్టి పెట్టుకోండి. రోటాహేలర్‌లో (పొడి మందు పీల్చే పరికరంలో) వేసే గుళికలకు వేడితోపాటు తేమా శత్రువే కాబట్టి, వాడే క్షణం వరకు వాటిని రేకులోనుంచి తీయకండి. ఒక పాత అలవాటు గురించి కూడా చెప్పాలి: డబ్బాను నీళ్ళలో వేసి, తేలితే అయిపోయినట్టు, మునిగితే ఉన్నట్టు చూసే పద్ధతి నమ్మదగినది కాదు. పైన మిగిలిన మోతాదుల అంకెలు చూపే మీటరు ఉంటే దానిని చూడండి, లేకుంటే లెక్క వేయండి. 120 మోతాదుల డబ్బా పూటకు రెండు చొప్పున రెండు పూటలా వాడితే సరిగ్గా ముప్ఫై రోజులు వస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్ళు, ఆస్తమా. కూలర్ వేస్తే దగ్గు, ఏసీ వేస్తే జలుబు, రెండూ లేకుంటే నిద్ర లేదు. మాది రేకుల ఇల్లు.
(ఖమ్మం)

జవాబు: కూలర్ మీద నాకు కోపం లేదు, కూలర్‌ను వాడే తీరు మీదనే. అది గాలిలోకి తేమను పంపి చల్లబరుస్తుంది కనుక ఆ తేమ బయటికి పోవడానికి ఎదురుగా కిటికీ తెరిచి ఉండాలి. తలుపులన్నీ బిగించి కూలర్ వేస్తే గంటలో గది ఆవిరిగదిలా మారి, గోడ మూలల్లో బూజు పడుతుంది. కిందటేడు తీసి అటక మీద పెట్టిన కూలర్‌ను ఈ మార్చిలో దించి, పాత గడ్డినే ఉంచి నీళ్ళు పోశారా? మొదటి అరగంట వచ్చే ఆ ముక్కవాసనే మీ అబ్బాయి దగ్గుకు కారణం కావచ్చు. గడ్డిని ఏటా మార్చాలి, తొట్టిలో నీటిని నిలవ ఉంచకుండా మారుస్తూ, వారానికొకసారి తొట్టిని తోమి ఎండబెట్టాలి. మీ ఖమ్మం వంటి పొడి ఎండల ఊళ్ళలో కూలర్ బాగా పనిచేస్తుంది. కాకినాడలోనో మచిలీపట్నంలోనో గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కనుక దానివల్ల ఉక్కపోత పెరగడమే తప్ప మేలు ఉండదు.

ఏసీ అయితే 25, 26 డిగ్రీల దగ్గర ఉంచి, ఫ్యాను నెమ్మదిగా తిప్పితే చాలు. 44 డిగ్రీల ఎండలో ఆడి వచ్చిన పిల్లవాణ్ణి నేరుగా 18 డిగ్రీల గదిలోకి పంపకండి. వసారాలో పావుగంట కూర్చోబెట్టి, చెమట తుడిచి, నీళ్ళు తాగించి లోపలికి పంపండి. రెండు వారాలకొకసారి ఫిల్టరు జాలీని కడగండి. రేకుల ఇంటికి అసలు వైద్యం రేకు మీదనే జరగాలి: తెల్లటి సున్నం గానీ, వేడిని తిప్పికొట్టే తెల్ల రంగు గానీ వేయిస్తే లోపల వేడి కొంత తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల కోసం ప్రత్యేక విధానాన్నే ప్రకటించింది.

ప్రశ్న: సాయంత్రం పరుగెత్తడం నా అలవాటు. మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు గాని, మే నెలలో గాలిదుమారం లేచి ఉరుములతో వాన పడిన సాయంత్రాలలో ఛాతీ పట్టేస్తుంది. వాన పడితే గాలి శుభ్రపడాలి కదా?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: వాన నిలకడగా పడితే శుభ్రపడుతుంది. దానికి ముందు వచ్చే ఈదురుగాలి మాత్రం నేలమీది దుమ్మును, పుప్పొడిని లేపి మీ ముక్కు ఎత్తుకు తెస్తుంది. పుప్పొడి రేణువులు తేమకు ఉబ్బి పగిలి, ఊపిరితిత్తుల లోపలికి చొరబడేంత సన్నని ముక్కలవుతాయి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 2016 నవంబరు 21న ఇటువంటి ఉరుముల గాలివాన తర్వాత వేల మంది ఒక్కసారిగా ఆసుపత్రులకు పరుగెత్తారు, పది మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో అంతకు ముందు ఆస్తమా ఉందని తెలియని వారు కూడా ఎందరో ఉన్నారు. మన నగరాల ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ, ఊరి అంచుల్లో సర్కారు తుమ్మ దండిగా పెరుగుతాయి, రెండింటి పుప్పొడికీ అలర్జీ తెప్పించే గుణం ఉంది. ఆకాశం నల్లబడి గాలి లేచిందంటే ఆ రోజు పరుగు మానుకుని కిటికీలు మూసుకోండి.

మామూలు వేసవి సాయంత్రాల గురించి కూడా ఒక మాట. వాహనాల పొగలోని వాయువులు ఎండలో ఉడికి ఓజోన్‌గా మారతాయి. మధ్యాహ్నం ముదిరే ఈ వాయువు సాయంత్రం దాకా నిలిచి ఉంటుంది, మాస్కుకు ఆగదు. పరుగును తెల్లవారుజాముకు మార్చుకోవడమే మేలు. అయితే ఆ వేళ మీ వీధిలో ఎండుటాకులు, చెత్త తగలబెట్టేవారుంటే దారి మార్చుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి సీఓపీడీతోపాటు గుండె బలహీనత ఉంది. నీరు తీసే మాత్ర వేసుకుంటున్నారు. నీళ్ళు తక్కువ తాగమని ఒక డాక్టరుగారు, ఎండలకు ఎక్కువ తాగమని ఇరుగుపొరుగు. పెరుగు, మజ్జిగ కఫం చేస్తాయని మా అమ్మ ఇవ్వడం లేదు.
(ఏలూరు)

జవాబు: ఇరుగుపొరుగు మాటను పక్కన పెట్టండి, అయితే డాక్టరుగారు ఆ మాట జనవరిలో చెప్పి ఉంటే మేలో మరోసారి అడగండి. చెమట ధారగా కారే రోజుల్లో అదే మాత్ర, అదే నీటి పరిమితి కొనసాగితే ఒంట్లో నీరు, లవణాలు తగ్గి, లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి, కఫం చిక్కబడి బయటికి రాదు. పైగా నీరు తీసే మాత్ర, ఆయాసానికి కొట్టే సాల్బుటమాల్ రెండూ రక్తంలో పొటాషియాన్ని తగ్గించేవే కాబట్టి గుండెదడ, కాళ్ళ పిక్కలు పట్టేయడం కనిపిస్తాయి. అలాగని మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు. రోజూ పొద్దున కాలకృత్యాలు ముగిశాక, ఏమీ తినకముందు ఆయన బరువు చూసి క్యాలెండరులో ఆ తేదీ పక్కనే రాయండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు తగ్గినా, పెరిగినా ఆ క్యాలెండరు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మాత్ర తగ్గించాలో పెంచాలో చెప్పడానికి ఆ అంకెలే సాయపడతాయి.

మజ్జిగ కఫం చేయదు. పాలు, పెరుగు ఊపిరితిత్తుల్లో కఫాన్ని పెంచుతాయనడానికి ఆధారం లేదు. పాలు తాగాక గొంతులో జిగటగా అనిపించడాన్నే మనం కఫం అనుకుంటాం. పలుచటి మజ్జిగ, కుండనీళ్ళు, రాగి అంబలి నిశ్చింతగా ఇవ్వవచ్చు, ఉప్పు మాత్రం గుండె డాక్టరు చెప్పినంతే. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, మూత్రపిండాల జబ్బు కూడా ఉంటే అడిగి ఇవ్వాలి. ఐసు నీళ్ళు కొందరికి దగ్గు తెప్పిస్తాయి, మరికొందరికి ఏమీ చేయవు, మీ నాన్నగారికి ఎలా ఉంటుందో ఆయన్నే అడగండి.

ప్రశ్న: అమ్మకు ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలినుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే కరెంటు యంత్రం) మీద నిమిషానికి రెండు లీటర్లు పెట్టాం. వేసవిలో కరెంటు పోతే భయంగా ఉంది. ఆయాసం ఎక్కువైనప్పుడు నాలుగు లీటర్లకు పెంచవచ్చా?
(నెల్లూరు)

జవాబు: మొదట రెండో ప్రశ్న. పెంచవద్దు. సీఓపీడీ ముదిరిన కొందరిలో ఆక్సిజన్ అవసరానికి మించితే ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుని మత్తు, మగత వస్తాయి. అటువంటి వారికి వేలికి పెట్టే ఆక్సీమీటరులో 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు, 98 కోసం ఆరాటపడనక్కరలేదు. అంకె 88 కంటే దిగి నిలిచిపోతే డాక్టరుకు ఫోను చేయండి.

కరెంటుకు ముందుచూపు అవసరం. ఐదు లీటర్ల కాన్సంట్రేటర్ సుమారు 300 నుంచి 400 వాట్లు లాగుతుంది కనుక ఇంటి ఇన్వర్టరు, కొత్త బ్యాటరీ అయినా, మూడు గంటలు మించి నడుపుతుందని ఆశించకండి. ఒక బి-రకం సిలిండరు నింపి ఇంట్లో ఉంచండి. అందులో సుమారు 1,500 లీటర్ల వాయువు ఉంటుంది. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున 750 నిమిషాలు, అంటే పన్నెండున్నర గంటలు వస్తుంది. మీటరు ముల్లు 150 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 75కు దిగితే ఆరు గంటలే మిగిలినట్టు. సిలిండరు ఉండీ దాని తాళం చెవి కనిపించక ఇల్లంతా వెతికిన కుటుంబాలను చూశాను, దానిని సిలిండరు మెడకే తాడుతో కట్టేయండి. కాన్సంట్రేటర్ స్వయంగా వేడిని వదిలే యంత్రం, చాలావాటికి గది వేడి 40 డిగ్రీలు దాటకూడదు. గోడకు జానెడు దూరంగా, పరదాకు తగలకుండా పెట్టి, వెనుక జాలీని వారానికొకసారి కడగండి. నీటి సీసాలో కాచి చల్లార్చిన నీటిని రోజూ మార్చండి. దేవుడి దీపం, అగరువత్తి ఆ గదిలో వద్దు.

ప్రశ్న: మా ఆయన దుబాయ్‌లో కట్టడం పని చేస్తడు. దమ్ము ఉంది. నెలకొక ఇన్‌హేలర్ అయిపోతుందని పంపమంటున్నడు. పంపాలా?
(జగిత్యాల)

జవాబు: పంపడం కంటే, నెలకొకటి ఎందుకు అయిపోతోందని అడగడం ముఖ్యమమ్మా. అప్పటికప్పుడు కొట్టే మందు 200 మోతాదుల డబ్బా ఏడాదికి మూడింటిని మించి అవసరమైతేనే ఆస్తమా అదుపులో లేదని అర్థం. ఆయనకు రోజూ వాడే నివారణ మందు కావాలి. అక్కడి క్లినిక్‌లో వెంటనే చూపించుకోమనండి. సెలవుకు వచ్చినప్పుడు ఇక్కడ ఊదుడు పరీక్ష (ఊపిరితిత్తుల పనితీరును కొలిచే స్పైరోమెట్రీ) కూడా చేయించండి. మందులు పట్టుకెళ్ళేటప్పుడు అసలు పెట్టెల్లోనే, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో ఉంచుకోవాలి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. ఆ విరామాన్ని ఆయన నీడలో, నీళ్ళు తాగుతూ గడపాలి, సిమెంటు బస్తాల గదిలో కాదు.

ప్రశ్న: ఎండలో వెళ్ళివచ్చిన మనిషికి ఆయాసం వస్తే అది వడదెబ్బా, ఆస్తమానా? ఏం చేయాలి?
(నల్లగొండ)

జవాబు: ఒళ్ళు పెనంలా కాలుతూ, మాట తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్ళు చల్లి విసురుతూ 108కి ఫోను చేయండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు. మాట స్పష్టంగానే ఉండి, పిల్లికూతలతో, ముందుకు వంగి గాలికోసం తంటాలు పడుతుంటే ఆస్తమా. నిటారుగా కూర్చోబెట్టి, స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే బోలు గొట్టం) ద్వారా సాల్బుటమాల్ ఒక్కొక్క మోతాదు చొప్పున, అర నిమిషం నుంచి నిమిషం ఎడంతో ఇస్తూ పది దాకా వెళ్ళవచ్చు. అప్పటికీ తగ్గకపోయినా, మొదటినుంచే వాక్యం పూర్తి చేయలేక రెండేసి మాటలకు ఆగుతున్నా, పెదవులు నీలంగా మారినా వెంటనే 108కి ఫోను చేయాలి. రెండూ కలిసి కూడా రావచ్చు, అప్పుడు రెండు పనులూ చేయాలి.

ప్రశ్న: మృగశిర కార్తెకు హైదరాబాదు వెళ్ళి చేప ప్రసాదం వేయించుకోవాలనుకుంటున్నాను. దానికి ముందు ఇంగ్లీషు మందులు ఆపాలని ఒకరు చెప్పారు. మీ సలహా?
(రైతు, కర్నూలు)

జవాబు: జూన్ మొదట్లో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో కొర్రమీను పిల్ల నోట్లో మందుముద్ద పెట్టి మింగించే ఈ ఆనవాయితీకి ఏటా వేల మంది వెళతారు. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని నిరూపించిన పరీక్ష ఏదీ లేదు, కాబట్టి వైద్యుడిగా నేను వెళ్ళమని చెప్పను. అయినా నమ్మకంతో వెళ్ళేవారు వెళతారని నాకు తెలుసు. అలాంటి వారిని కోప్పడి పంపిస్తే మరుసటి ఏడు నాకు చెప్పకుండా వెళతారు, అంతే.

నాకు భయం కలిగించేది చేప కాదు, 'మందులు ఆపాలి' అన్న ఆ మాట. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండల్లో మందు ఆపి, రైలులో నిలబడి, గంటలకొద్దీ గుంపులో వరసలో ఉండి ఇంటికి చేరేసరికి తొలకరి వస్తుంది. వానలతోపాటు బూజు, జలుబు వైరస్‌లు వస్తాయి. మా వార్డుల్లో ఆయాసపు రోగుల మంచాలు నిండేది సరిగ్గా అప్పుడే, వారిలో చాలామంది మందు ఆపింది మేలోనే. ఇక మైదానం చుట్టూ ఊరూపేరూ లేని పొట్లాలు అమ్మేవారుంటారు, వాటిని కొనకండి. ఇటువంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉన్నట్టు పరీక్షల్లో బయటపడిన సందర్భాలున్నాయి.

వెళ్ళాలనే నిశ్చయించుకుంటే ఇన్‌హేలర్, స్పేసర్, నీళ్ళ సీసా, టోపీ, తోడుగా ఒక మనిషి ఉండాలి. ప్రయాణానికి వారం ముందు మీ డాక్టరుకు ఒకసారి చూపించుకోండి. బయలుదేరే పొద్దున మీరు రోజూ పీల్చే మందు ఒక మోతాదు, ప్రసాదం వేయించుకుని వచ్చిన రాత్రి మరొక మోతాదు, మామూలు రోజుల్లాగే.